గోడవతలి అప్ప చేసిన ప్రార్థన

మా గదికీ పక్క గదికీ మధ్య గోడ ఉండేది కాని, కట్టినవాళ్ళకు దాన్ని కప్పు దాకా కట్టే ఓపిక లేకపోయింది. చెక్క పలకలు మనిషి ఎత్తు దాటగానే ఆగిపోయేవి. ఆపైన రేకుల కప్పు వరకు ఇనుప వల. గాలి ఆడాలని అలా కట్టారట. గాలి ఆడిందో లేదో కాని, మాట మాత్రం ఈ చివరి గది నుంచి ఆ చివరి గది దాకా షికారు చేసేది. ఎవరింట్లో ఉప్పు నిండుకుందో, ఎవరి మొగుడు కంచం తోసేసి లేచాడో లైను మొత్తానికి తెలిసేది. లైను అంటే మా గిర్మిట్ కూలీల గదుల వరస. అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కాం కదా, ఆ ఒప్పందాన్నే మా నోళ్ళు గిర్మిట్ చేశాయి. తలుపు తీస్తే చెరకు, చెరకు మీదుగా చూస్తే రారవాయి చక్కెర మిల్లు పొగ. అంతే మా లోకం.

అలాంటి చోట నేను రోజూ తెల్లవారకముందే గొంతెత్తి ప్రార్థన చేసేదాన్ని.

తప్పు నాది కాదు. మా ఊళ్ళో మిషను బడిలో నాకు ప్రార్థన నేర్పిన అమ్మగారు మనసులో చేసే ప్రార్థనను ఒప్పుకునేది కాదు. అది కాసేపటికి కునుకైపోతుందని ఆవిడ అనుభవం. నోరు తెరిచి, దేవుడు ఎదురుగా కూర్చున్నట్టు, ఒకటొకటిగా చెప్పుకోమనేది. ఆ అలవాటు నాతోపాటు ఓడెక్కి, సముద్రం దాటి, ఈ లైన్లోకి వచ్చిపడింది. ఇప్పుడు బా ఊళ్ళో మా చిన్న సంఘంలో పిల్లలు పెదవి కదపకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటారు. సగం మంది నిద్రపోతున్నారని నా అనుమానం.

నా ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. ఏ రోజుది ఆ రోజే అడిగేదాన్ని. అయిదేళ్ళ గిర్మిట్‌ను ఒక్కసారిగా తలుచుకుంటే నాకు లెక్క అందేది కాదు. అందుకని, "ప్రేమగల తండ్రీ, రాత్రి కాచి పొద్దు చూపించినందుకు వందనాలు" అని మొదలుపెట్టి, ఇవాళ్టికి పార కాలి మీద పడకుండా చూడు, ఇవాళ్టికి పని చేయించే సర్దారు చూపు నా వరస మీద పడకుండా చూడు, ఇవాళ్టికి పిండిలో పురుగులు తక్కువగా ఉండనియ్యి అని అడిగేదాన్ని. రేపటి పురుగుల సంగతి రేపు. అడిగినవన్నీ దొరికాయని చెప్పను. పురుగుల విషయంలో మా ప్రభువు ఎప్పుడూ పెద్దగా శ్రద్ధ చూపలేదు. కాని సాయంత్రం పార భుజాన వేసుకుని లైనుకు తిరిగి వస్తుంటే, ఈ రోజు కూడా గడిచింది, గడిపినవాడు ఒకడున్నాడు అనిపించేది. నాకు అది చాలేది.

నా పెనిమిటి నవ్వేవాడు. ఆయనా బాప్తిస్మం తీసుకున్నవాడే కాని, ప్రార్థన పని నాకు అప్పగించి తను దుప్పట్లో ఉండి ఆమెన్ చెప్పే రకం.

"దేవుణ్ణి కూడా రోజుకూలీకి పెట్టీసినావే" అనేవాడు. "మనకేమో అయిదేళ్ళ గిర్మిట్టు. ఆయనకి ఏ రోజుకారోజు."

"నువ్వు లేచి ముఖం కడుక్కో" అనేదాన్ని.

ఇక గోడవతలి అప్ప సంగతి. ఆమె మా జిల్లా మనిషే, నాకంటే పదేళ్ళు పెద్దది. మా వైపు అక్కను అప్ప అంటాం, నేనూ అలాగే పిలిచేదాన్ని. మొగుడు ఓడ దిగిన ఏడాదే పోతే ఒంటరిగా నెట్టుకొస్తోంది. గది మూలలో ఒక రాయికి పసుపు పూసి అమ్మవారిగా పెట్టుకుంది. ఒళ్ళు రాయి, చేయి రాయి, పనిలో మగవాళ్ళు కూడా ఆమె వెనకే. నోరు మాత్రం దేవుడు ముగ్గురికి ఇవ్వాల్సింది ఆమె ఒక్కదానికే ఇచ్చాడు. నిద్ర లేచింది మొదలు తిట్టేది. పొగ చిమ్మిందని పొయ్యిని తిట్టేది, గంట కొట్టే సర్దారును తిట్టేది, గుర్రం మీద వచ్చే దొరను తిట్టేది. ఆ దొరను అందరూ కూలంబర్ అనేవాళ్ళం. ఆయన వెళ్ళిపోతే ఆయన గుర్రాన్ని తిట్టేది. మధ్యలో తీరిక దొరికితే నన్ను. ఆమె తిట్లలో ఒక్కటీ పాతది ఉండేది కాదు, అది ఒప్పుకోవాలి.

అందుకని నా ప్రార్థనలో రోజూ ఒక ముక్క ఉండేది. "ప్రభువా, గోడవతలి అప్ప నోటికి కళ్ళెం వెయ్యి." ఇది నేను గొంతు తగ్గించి అనేదాన్ని కాదు. తగ్గించినా ఆ గోడకు తేడా లేదు.

మొదటిసారి విన్నప్పుడు ఆమె ముంత పెట్టి పలక మీద బాదింది. "ఏటే, నా మీద సాడీలు సెప్తన్నావా మీ దేవుడికి?" అని అరిచింది. "నీకినపడకుండా సెప్పలేదు గదప్పా" అన్నాను. ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది. కొన్నాళ్ళు పోయాక, తన పేరు రోజూ ఎక్కడో పైన దేవుడి కచేరీలో పలుకుతోందని ఆమెకు కొంచెం గర్వం కూడా పట్టుకుంది. ఒకరోజు జ్వరంతో నేను ప్రార్థన ముక్తసరిగా ముగిస్తే, "నన్ను తలవనేదేటే ఇయాల?" అని గోడ మీద తట్టింది. ఆ ముక్క చేర్చి మళ్ళీ ఆమెన్ అన్నాను.

కాని నా ప్రార్థన పద్ధతి ఆమెకు అసలు నచ్చేది కాదు. ఆమె ఊళ్ళో పాము మంత్రం వేసే ఒకాయన ఉండేవాడట. మంత్రంలో ఒక్క అక్షరం తప్పినా అది వెనక్కి తిరిగి రోగినే కొడుతుందట. అందుకని మంత్రమంటే మారకూడదు, ఒక్క ముక్క వదలకూడదు అని ఆమె నమ్మకం. నేనేమో రోజుకొక రకంగా ప్రార్థించేదాన్ని. కలుపు తీసే రోజైతే వాన వద్దనేదాన్ని, కసావా దుంప నాటుకున్నాక వాన కావాలనేదాన్ని.

"ఇలగ మారిస్తే అదేటి పన్సేస్తాది?" అనేది ఆమె, కట్టెలు ఏరుకోవడానికి కలిసి వెళ్ళినప్పుడు.

"ఇది మంత్రం కాదప్పా. తండ్రితో మాటాడుకోడం."

"మాటాడుకుంటే మరి ఆ ఒక్క ముక్కా ఏటికి మారదు?"

నేను ఆలోచించి చూస్తే నిజమే. వాన మారింది, పురుగులు మారాయి, సర్దారు కూడా మారాడు. ఆమె నోటికి కళ్ళెం మాత్రం రోజూ ఉంది. అంటే మంత్రానికి అసలు బీజం అదేనని ఆమె తేల్చుకుంది. నేను కాదని వాదించలేదు. వాదిస్తే ఆమెతో గెలిచేదెవరు?

మూడో ఏట, చెరకు కోతల కాలంలో, నా పెనిమిటికి జబ్బు చేసింది. మొదట కడుపునొప్పి అన్నాడు. తరువాత నెత్తురు విరేచనాలు, పైన జ్వరం. కొన్నాళ్ళు గదిలోనే పెట్టుకుని గంజి పోశాను. రోజూ పొద్దున, "ఇవాళ్టికి ఈయన్ని లేపి కూర్చోబెట్టు" అని అడిగాను. లేచి కూర్చునేవాడు కూడా. మధ్యాహ్నానికి మళ్ళీ పడుకునేవాడు. నేను అడిగింది కూర్చోబెట్టమనే కదా, నిలబెట్టమని ఎందుకు అడగలేదని నన్ను వెక్కిరించేవాడు. చివరికి సర్దారు వచ్చి చూసి, ఎస్టేటు ఆస్పత్రికి పంపించాడు.

ఆస్పత్రి అంటే లైన్లో అందరికీ హడలు. అక్కడివాళ్ళు మంచివాళ్ళే, మందు ఇచ్చేవాళ్ళు, పాలు కూడా ఇచ్చేవాళ్ళు. కాని అక్కడికి జబ్బు బాగా ముదిరినవాళ్ళే వెళ్ళేవారు కాబట్టి తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. నాకు పనిరోజుల్లో వెళ్ళడానికి వీలు లేదు. ఆదివారం ఆదివారం నడిచి వెళ్ళి చూసేదాన్ని. ఒక ఆదివారం బుగ్గలు కాస్త నిండినట్టుండేవి, ఇంకో ఆదివారానికి ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆ మనిషి ఉంటాడా పోతాడా అన్నది తప్ప నా బుర్రలో ఇంకేమీ ఉండేది కాదు. ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే, పార ఎత్తినా అదే.

ప్రార్థన మానలేదు. ఇంకా గట్టిగా చేశాను. "ఇవాళ్టికి ఉంచు, ఇవాళ్టికి ఉంచు" అని అడిగి అడిగి ఒక తెల్లవారుజామున లేచి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. దుఃఖం కూడా కాదు, కోపం. ఎన్నిసార్లు అడగాలి? రోజూ వచ్చి అడిగితేనే ఇచ్చేవాడు తండ్రి అవుతాడా, రేషను గుమాస్తా అవుతాడా? ఆ మాట పైకి అనలేదు. అనకుండా నోరు మూసుకుని చాప మీద పడుకున్నాను. నా బతుకులో ప్రార్థన లేని పొద్దు అదే మొదటిది.

గోడవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"పేమగల తండ్రీ" అంది అప్ప. "రాత్రి కాసి పొద్దు సూపించినందుకు వందనాలు."

నేను చాప మీద లేచి కూర్చున్నాను. ఆమె ఆగలేదు. పార కాలి మీద పడకుండా చూడమంది. సర్దారు చూపు పడకుండా చూడమంది. పిండిలో పురుగుల సంగతి చెప్పింది. నా పెనిమిటిని ఇవాళ్టికి ఉంచమంది, నేను అనే మాటలతోనే, నేను ఆగే చోటే ఆగుతూ. ఇన్నేళ్ళూ ఆ గోడవతల పొయ్యి ఊదుకుంటూ ప్రతి ముక్కా పట్టేసింది. ఆ తరువాత, ఏ తొట్రుపాటూ లేకుండా, పెద్ద గొంతుతో అంది. "పెబువా, గోడవతలి అప్ప నోటికి కల్లెం ఎయ్యి."

నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు అది. నవ్వుతూనే ఏడ్చాను.

"ఆమెన్ అనవేటే?" అంది అవతలి నుంచి. "అది నానంటే సెల్లదనుకుంటాను."

"ఆమెన్" అన్నాను.

ఆ రోజు నుంచి ఆ పని ఆమెదే అయింది. నేను మళ్ళీ మొదలుపెడతానని ఎన్నిసార్లు అనుకున్నానో, గొంతు దాటి వచ్చేది కాదు. ఆమె మాత్రం గంట కొట్టకముందే లేచి, ముందు తన అమ్మవారికి దీపం పెట్టి, తరువాత నా ప్రార్థన అందుకునేది. అమ్మవారు ఏమీ అనుకోదా అని అడిగాను. "ఆవిడికి సెప్పీసినాను. పక్కింటోల్ల పని, కొన్నాల్లే అన్నాను" అంది. చెప్పినంత తేలిగ్గా పలక మీద చేత్తో తట్టి, పొయ్యిని తిట్టడంలో పడిపోయింది.

ఆదివారం వెళ్ళి నా పెనిమిటికి ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వితే పక్కటెముకలు కదలడం కనబడింది. "ఆ ముక్క కూడానా?" అని రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

"నీకంటే బాగా సేస్తోందా?"

"గొంతు పెద్దది" అన్నాను.

"అయితే ఇనపడతాదిలే" అన్నాడు. ఆ రోజు గంజి గిన్నె ఖాళీ చేశాడు. లేచి గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి నాకు చూపించాడు. తిరుగుదారిలో నాకు చెరకు పచ్చగా కనబడింది. ఈసారి కోతలు అయ్యేలోపు మనిషి ఇంట్లో ఉంటాడని అప్పకు చెప్పాను. ఆమె ఆ సాయంత్రమంతా ఎవరినీ తిట్టకుండా గడిపింది. జబ్బు చేసిందేమోనని లైన్లోవాళ్ళు అడిగారు.

ఆ వారం మధ్యలో ఆయన పోయాడు.

కబురు పొలంలోకి వచ్చింది. సర్దారు నా పార నా చేతిలోంచి తీసుకున్నాడు, అది నాకు గుర్తుంది. అప్ప నా పక్కన నడిచింది. లైన్లో మగవాళ్ళు గుంట తవ్వారు. ప్రార్థన చేయడానికి పాదిరి లేడు, నాకు నోరు లేదు. అందరూ కాసేపు తలలు వంచుకుని నిలబడి, మట్టి వేసి, చేతులు కడుక్కున్నారు.

మర్నాటి నుంచి మళ్ళీ పని. గిర్మిట్‌లో దుఃఖానికి సెలవు ఎంత ఇచ్చారన్నది చెప్పుకోకపోవడమే మంచిది. నేను నా వరసలో, అప్ప తన వరసలో. పొద్దున గోడవతల ప్రార్థన లేదు. అదేమంత వింత కాదు, ఇంక ఎవరి కోసం? కాని తిట్లు కూడా లేవు. పొయ్యి పొగ చిమ్మింది, ఆమె ఊరుకుంది. కూలంబర్ గుర్రం ఆమె కాలు తొక్కినంత పని చేసింది, ఆమె పక్కకు జరిగింది. మధ్యాహ్నం రొట్టె తింటున్నప్పుడు కూడా నోరు విప్పలేదు. ఇంకో రోజూ అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పనా, దేవుడి మీద. ఉంచమని అడిగినవాణ్ణి ఉంచలేదు. ఏళ్ళ తరబడి అడిగిన కళ్ళెం మాత్రం ఇప్పుడు, నాకు ఆ నోరు తప్ప ఇంకేమీ మిగలనప్పుడు, తెచ్చి వేశాడు. ఇదేనా నీ సమయం అని మనసులో దెబ్బలాడాను. ఆయనతో మాట మానేసినదాన్ని, దెబ్బలాడటం మాటల్లోకి రాదనుకున్నాను కాబోలు.

సాయంత్రం పని అయ్యాక, చెరకు బళ్ళు వెళ్ళే పట్టాల పక్కన ఆమె దారికి అడ్డం నిలబడ్డాను.

"అప్పా, నామీద కోపమా?"

ఆమె నన్ను చూడలేదు. "కోపమేటి? నీ మొకం నానెలాగ సూడను?"

"ఏం జరిగింది?"

చాలాసేపు పార కర్రను అరచేతిలో తిప్పుతూ నిలబడింది. అంత మనిషి, మగవాళ్ళు వెనకబడే మనిషి, ఆ కర్ర లేకపోతే పడిపోయేలా ఉంది.

"ఆ పొద్దు నాను ఆ ముక్క ఒగ్గీసినాను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

"నా నోటికి కల్లెం ముక్క. ఆ ఒక్క పొద్దే. నీ మొగుడికి నయమైపోతంది గదా అనుకున్నాను. రోజూ నన్ను నానే తిట్టుకుంటన్నాను గదా. ఒక్క రోజు, మీ దేవుడి ముందర మంచిదాన్లాగ నిలబడదామనిపించింది. ఒగ్గీసినాను. ఆ మజ్జానమే కబురొచ్చింది." అప్పుడు నా వైపు చూసింది. "మంత్రం ఎనక్కి తిరిగింది. నాను సంపేసినాను."

ఆ క్షణంలో నాలో ఉన్న కోపమంతా ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఆమె చేతిలోని పార తీసి కింద పడేశాను. రెండు చేతులూ పట్టుకున్నాను.

"అప్పా, ఆయన మాటలు లెక్కెట్టుకునే దేవుడు కాదు."

"మరి..."

"లెక్కెట్టుకునేవాడైతే, నేను ఇన్నేళ్ళు ఒక్క పొద్దు కూడా వదలకుండా కళ్ళెం వెయ్యమన్నాను. పడిందా నీకు?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "నేదు" అంది.

"మరింక? నువ్వు వదిలేస్తే నా పెనిమిటి పోడు, నేను అడిగితే ఉండడు. ఆ పొద్దు నువ్వు మంచిదానిలాగే నిలబడ్డావు. దేవుడు చూసే ఉంటాడు."

ఈ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. ఇన్నాళ్ళుగా ప్రార్థనకు తెరుచుకోని నోరు అది. ఆమె గుండెల మీంచి ఆ బరువు దించాలంటే ఆయన మంచివాడని చెప్పక తప్పలేదు. చెబుతుంటే అది అబద్ధమని అనిపించలేదు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. గుంట దగ్గర రానిది అక్కడ, పట్టాల పక్కన వచ్చింది. ఇద్దరం కూర్చుని ఏడ్చాం. చెరకు బళ్ళు తోలేవాడు ఒకడు ఆగి చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

చివరికి అప్ప ముక్కు చీదుకుంది.

"మరైతే ఏటికి తీసుకుపోనాడు?" అని అడిగింది.

"తెల్దప్పా."

"తెల్దంటే ఎలాగే? ఇన్నాల్లు రోజూ మాటాడినావు గదా ఆయన్తోటి. అడగనేదా?"

"ఇంకా అడగలేదు."

"అడుగు మరి."

"రేపు పొద్దున్న అడుగుతాను" అన్నాను.

ఆమె లేచి, తన పార, నా పార కలిపి భుజాన వేసుకుంది.

"గట్టిగా అడుగు" అంది. "నాకూ ఇనపడాల."